బదులు ఆమేన్

గోడలకు చెవులుంటాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, నోరు కూడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఆ సంగతి ఈ మధ్యే బందరులో, నా ఫ్లాటులో, ఒక ఆదివారం పొద్దున ఫోను ముందు కూర్చుని ఆరాధన చూస్తుండగా తెలిసింది. మా ఆయన ప్రసాదరావు గారు పోయిన దగ్గర నుంచీ నేను చర్చికి వెళ్లడం మానేశాను. అడిగిన వాళ్లకి మోకాళ్లని చెప్పేదాన్ని. మోకాళ్ల నొప్పులు నిజమే, కానీ అవే మోకాళ్లతో కూరగాయల మార్కెట్టంతా తిరిగి, బేరాలాడి, సంచీ మోసుకుని వచ్చేదాన్ని. గుడివాడలో ఉండే మా అమ్మాయి సునీత కొత్త ఫోను కొనిచ్చి, "ఇల్లు కదలక్కర్లేదమ్మా, ఏ ఊరి ఆరాధన కావాలంటే ఆ ఊరిది చూసుకో" అంది. నిజమే, చూసుకోవచ్చు. కాఫీ తాగుతూ చూడొచ్చు, కాళ్లు చాపుకుని చూడొచ్చు, ప్రసంగం సాగదీస్తే ముందుకు జరిపేయొచ్చు. ఎవరికి వారే యమునా తీరే.

అసలు సంగతి మోకాళ్లు కాదు. ఆయన పోయాక నా నోట ఆమేన్ రావడం మానేసింది. ప్రార్థన మొత్తం వింటాను, కళ్లు మూసుకుంటాను, తీరా చివరికొచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. ఆమేన్ అంటే అలాగే కానివ్వు అని ఒప్పుకోవడం. ఏం కానివ్వమని ఒప్పుకోను? ఆయన చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. చర్చిలో అయితే పక్కన కూర్చున్న వాళ్లు నా నోరు చూస్తారు. ఫోనుకా బాధ లేదు, అది నన్ను చూడదు. అందుకే నాకు ఫోను నచ్చింది.

ఆ ఆదివారం ముసురు పట్టి ఉంది. పొద్దున్నే అయినా లైటు వేసుకోవలసి వచ్చింది. ఫోనులో పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించారు, అక్కడున్న వాళ్లందరూ ఆమేన్ అన్నారు, నేను అనలేదు. ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా, నా మంచం తలవైపు గోడలోంచి "ఆమేన్" అని ఒక గొంతు వినిపించింది. నేను తల తిప్పేలోపే ఇంకోసారి, మొదటిదాని కంటే సన్నగా, "ఆమేన్". అంతే. మళ్లీ వాన చప్పుడు.

ఒళ్లు జల్లుమంది. ఒక్కసారే అయితే ఫోను ఏదో తిక్క పని చేసిందని సరిపెట్టుకునేదాన్ని. ఆమేన్ రెండుసార్లు అనడం, అదీ ఆగి అనడం, ఈ భూమ్మీద మా పేటలో తప్ప నేనెక్కడా వినలేదు. అలా అనే వాళ్లలో ఇప్పుడు నాకు తెలిసి ఎవరూ బతికి లేరు. పైగా ఆ గోడ అవతలి ఫ్లాటు తలుపుకి ఎప్పుడు చూసినా తాళమే. మర్నాడు మధ్యాహ్నం నేను చేసిన పని చెప్తే నవ్వుతారు. ఫోనులో ఆ ప్రార్థన చివర, అందరూ ఆమేన్ అనే చోట పెట్టి, గోడ దగ్గర కుర్చీ వేసుకుని, మళ్లీ మళ్లీ వినిపించాను. ప్రార్థన లేదు, ఏమీ లేదు, ఉత్త ఆమేన్. గోడ పలకలేదు. ఇంకా గట్టిగా పెట్టాను. అలా వేలు ఫోను మీద పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్న నన్ను నేనే ఎక్కడో చూసినట్టనిపించింది. చూసింది నన్ను కాదు, మా అమ్మని. అచ్చం ఇలాగే, ఖాళీ గుడిలో.

మా పేట హంసలదీవి వైపు. ఇళ్లు అయిపోతే పొలాలు, పొలాలు అయిపోతే ఉప్పు తేలిన బీడు, ఆ తర్వాత మడ చెట్లు, వాటి మధ్య పాయ, అక్కడి నుంచి సముద్రం. మేం చర్చిని గుడి అనే అనేవాళ్లం. పేట మొత్తానికి అదొక్కటే గట్టి కట్టడం. శనివారం వచ్చిందంటే మా ఇంట్లో గుడి వాసన మొదలయ్యేది. అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఆదివారం చీర తీస్తే కలరా ఉండల వాసన, నాన్న చొక్కాకి పెట్టిన గంజి వాసన, చెంబులో నిప్పులు పోసి ఆ చొక్కా మీద రుద్దుతుంటే వేడి గుడ్డ వాసన. వీటన్నిటి వెనకా ఎప్పుడూ ఉండే ఎండుచేపల వాసన ఉండనే ఉంటుంది, దాన్ని మేం వాసన కింద లెక్కవేసేవాళ్లం కాదు. పూటపూటా అన్నం వండే ముందు అమ్మ పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. అది గుడి కానుక. ఆదివారం ఆ కుండ చంకలో పెట్టుకుని, ఇంకో చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని, రెండో గంట కొట్టకముందే బయల్దేరేది. మొదటి గంటకి స్నానాలు, రెండో గంటకి నడక, మూడో గంటకి చాప మీద ఉండాలి. ఉండకపోతే సంఘ పెద్ద దావీదు తాత ప్రార్థనలో పేరు పెట్టి మరీ దేవుడికి చెప్పేవాడు. అయ్యగారు అవనిగడ్డ నుంచి నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలన్నీ తాతవే.

గుడిలో తుంగ చాపలు. ఎవరి చోటు వాళ్లది. మా చోటు సముద్రం వైపు కిటికీ కింద. మా పక్కన జ్ఞానమ్మ పిన్ని. ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కిల్లు. కానీ మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య రోజూ బదుళ్లు నడుస్తుండేవి. చారెడు పప్పు, కాస్త కారం, పొయ్యిలోకి నిప్పు. ఉప్పు మాత్రం చేతికి ఇచ్చుకునేవాళ్లు కాదు, కింద పెడితే తీసుకోవాలి. యేసు ప్రభువుని నమ్ముకున్నా ఆ పట్టింపు మాత్రం ఇద్దరూ వదల్లేదు. తమ్ముడి పేరు ఇమ్మానుయేలు, పిలిచేది చిన్నోడని. వాడికి మాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. గుడిలో వాడికి తెలిసిన మాట ఒక్కటే. పెద్దవాళ్లందరూ ఆమేన్ అని ముగించాక, అంతా నిశ్శబ్దమయ్యాక, ఒక్కడే తీరిగ్గా "ఆమేన్" అనేవాడు. గుడంతా నవ్వేది. దావీదు తాత కూడా కళ్లు తెరవకుండానే నవ్వి, "ఇప్పుడు పూర్తయింది, లేవండి" అనేవాడు. వాడు అనేదాకా ఎవరూ లేవకపోవడం అలవాటైపోయింది.

ఉప్పెన సంగతి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియని వాళ్లకి చెప్పినా అందదు. ముందు గాలి, తర్వాత నీళ్లు. పేట మొత్తం గుడికేసి పరిగెత్తింది. నాన్న నన్ను భుజానికెత్తుకుని పైకప్పు దూలం పట్టుకున్నాడు. అమ్మ చంకలో చిన్నోడు. నీళ్లు తీశాక అమ్మ ఉంది, చంక ఖాళీగా ఉంది. వాడు దొరకలేదు. పేటలో చాలామంది దొరకలేదు. గుడి మాత్రం నిలబడింది. లోపల గోడ మీద మనిషి ఎత్తుకి పైన ఉప్పు గీత పడింది. ఎన్నిసార్లు సున్నం వేసినా, మళ్లీ తేమ పట్టగానే ఆ గీత పైకొచ్చేది. అంతకంటే నాకు భయం వేసింది చాపలు చూసి. కొత్త చాపలు అల్లి పరిచినా, జనం పాత చోట్లలోనే కూర్చున్నారు. పోయిన వాళ్ల చోట్లు అలాగే ఖాళీగా ఉండిపోయాయి. ఒక్కో కుటుంబం మొత్తం ఖాళీ. జ్ఞానమ్మ పిన్ని గుడి ఊడ్చేటప్పుడు ఆ ఖాళీల దగ్గరికొచ్చేసరికి చీపురు నెమ్మదించేది, ఎవరి కాళ్లకో తగులుతుందన్నట్టు పక్కకి తిప్పి ఊడ్చేది. పిన్నీ, అక్కడెవరూ లేరు కదా అంటే, "నోరు మూసుకోవే" అని కసిరేది.

మళ్లీ ఆరాధన మొదలైన మొదటి ఆదివారం తాత చిన్న ప్రార్థన చేశాడు. అందరం ఆమేన్ అన్నాం. అన్నాక అలవాటుగా ఎవరూ లేవలేదు. అప్పుడు, కాస్త ఆలస్యంగా, సముద్రం వైపు కిటికీ అవతలి నుంచి వినిపించింది. సన్నగా, తీరిగ్గా, "ఆమేన్".

ఎవరూ తల తిప్పలేదు. ఎవరూ ఎవరినీ అడగలేదు. నా ముందు కూర్చున్న ముసలామె వీపు మీద రవిక తడిసి అంటుకుపోవడం చూశాను. అందరూ విన్నారని నాకు అలా తెలిసింది. అమ్మ ఒక్కతే కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే. పెచ్చులూడిన గోడ కాబట్టి మన గొంతే తిరిగొస్తోందని నాన్న అన్నాడు. అలా అయితే పాటలు ఎందుకు తిరిగి రావడం లేదో చెప్పలేకపోయాడు.

అప్పటి నుంచి అమ్మ ఆమేన్ అనడం మానేసింది. వాడిది ఎక్కడ వినపడకుండా పోతుందోనని పెదాలు బిగబట్టి కూర్చునేది. ఇంట్లో పనులన్నీ చేసేది. వండేది, పిడికెడు బియ్యం తీసేది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ప్రార్థన దగ్గరికొచ్చేసరికి మాత్రం కళ్లు మూయకుండా గుమ్మం కేసి చూస్తూ ఉండేది. కొన్నాళ్లకి మధ్యాహ్నాలు కనపడడం మానేసింది. ఒకరోజు నేను వెతుక్కుంటూ గుడికి వెళ్తే లోపల ఒక్కతే ఉంది. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ పేలిపోతోంది, లోపల మాత్రం నూతిలో ఉన్నట్టు చల్లగా ఉంది. అమ్మ కిటికీ కేసి చూస్తూ "ఆమేన్" అంది. ఆగింది. మళ్లీ "ఆమేన్" అంది. చీకటి పడే ముందు కోడిపిల్లల్ని పిలిచినట్టు, బుజ్జగిస్తూ, మళ్లీ మళ్లీ. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నన్ను చూసి, "విన్నావటే?" అని అడిగింది. లేదన్నాను. "ఇక్కడ కాదే. అదుగో, అటు" అని మడ చెట్ల వైపు చెయ్యి చూపించింది. నిన్నటికంటే ఇవ్వాళ ఇంకాస్త దూరం నుంచి వినపడుతోందంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో సంతోషం ఉంది. అది చూసే నేను పరిగెత్తుకెళ్లి జ్ఞానమ్మ పిన్నికి చెప్పాను, పిన్ని తాతకి చెప్పింది.

తాత ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అదంతా నీ భ్రమ అంటాడని నాన్న ఎదురుచూశాడు. తాత అలా అనలేదు.

"నాకూ వినపడుద్దమ్మా దీవెనమ్మా. పేటలో అందరికీ వినపడుద్ది. ఎవరూ పైకి అనరు, అంతే."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"కానీ ఒక్కదానివే వినమాకు. ఒక్కదానివే వింటే అది నిన్ను అటు పిలుద్ది. అందరం కలిసి కూకుని వింటే వాడే ఇటొస్తాడు."

"వాడెట్టా వస్తాడు తాతా? వాడికింకా నడక సరిగ్గా రాదే," అంది అమ్మ. "నేనే ఎల్లాలి."

ఆ మాటకి నాన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. తాత, "పడవని ఒడ్డుకి ఒక్కడే లాగలేడమ్మా, ఎంత బలవంతుడైనా. నీకొచ్చిన కష్టం కూడా అంతే," అని లేచి వెళ్లిపోయాడు. ఇంటి చుట్టూ కాపలా పెడతారేమోననుకున్నాను. అలాంటిదేమీ చేయలేదు.

తర్వాతి ఆదివారం ఆమేన్ అయ్యాక, కిటికీ అవతలి గొంతు వినపడగానే అమ్మ లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా గుడి దాటి, బీడు దాటి, మడ చెట్ల వైపు నడిచింది. నాన్న పరిగెత్తబోతే తాత చెయ్యి పట్టుకుని ఆపి, "అందరం ఎల్దాం," అన్నాడు. గుడి మొత్తం లేచింది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, కుంటుకుంటూ నడిచేవాళ్లు, అందరూ అమ్మ వెనకే, పరిగెత్తకుండా, మాట్లాడకుండా నడిచారు. కింద ఉప్పు పొర పగిలి కరకరమంటోంది. ఆ చప్పుడు వింటుంటే మేమున్న దానికంటే ఎక్కువమంది నడుస్తున్నారనిపించి నేను వెనక్కి చూడలేదు. ఇప్పటికీ ఆ రోజు వెనక్కి చూసి ఉంటే ఎవరు కనపడేవాళ్లోనని అప్పుడప్పుడూ అనుకుంటాను.

అమ్మ పాయలోకి దిగింది. పోటు మీదుంది నీరు. మోకాళ్ల దాకా వెళ్లేసరికి జ్ఞానమ్మ పిన్ని ఒక పక్కన దిగింది, ఇంకో పక్కన ఇంకొకామె, వాళ్ల పక్కన ఇంకొందరు. ఎవరూ అమ్మని పట్టి లాగలేదు. పడవ లాగేటప్పుడు నిలబడినట్టు వరసగా నిలబడ్డారు, ఆదివారం చీరలు నీళ్లలో తేలుతున్నాయి. తాత ఒడ్డునే నిలబడి ప్రార్థన చేశాడు. ముగించాడు. అందరం ఆమేన్ అన్నాం. ఆ తర్వాత అందరం ఊపిరి బిగబట్టాం. దేవుడా, వినపడకూడదు అని నేను గట్టిగా అనుకున్నాను.

ఏమీ వినపడలేదు. మడ వేళ్ల మధ్య నీళ్లు గుటకలు వేస్తున్న చప్పుడు, అంతే.

"లేడు," అంది అమ్మ. "వాడిక్కడ లేడు."

"లేడక్కా," అంది జ్ఞానమ్మ పిన్ని. "వాడుండేది మన మధ్యనే. మనం కూకున్న చోటే. పద, ఎల్దాం."

"నా నోట రావట్లేదే జ్ఞానం. దేవుడికి సరే అని ఎట్టా అనను?"

"అనమాకు. నీ బదులు నేనంటా. ఎప్పుడు వత్తే అప్పుడు తీరుద్దువు గానిలే, ఉప్పా పప్పా ఇది?" అని, ఆ నీళ్లలో నిలబడే, అందరిదీ అయిపోయాక, ఇంకోసారి "ఆమేన్" అంది. ఉప్పెన తర్వాత అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. నాన్న నీళ్లలోకి దిగి ఇద్దర్నీ పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు.

బదులంటే మా వాళ్లకి అప్పు. బదులంటే పిలిస్తే పలికే జవాబు. బదులంటే ఒకరి చోట ఇంకొకరు నిలబడటం. జ్ఞానమ్మ పిన్ని ఏ అర్థంతో అందో ఆవిడకే తెలియదు, మూడూ నిజమే అయ్యాయి. ప్రతి ఆదివారం తనదొకటీ అమ్మదొకటీ రెండు ఆమేన్లు అనేది. అది చూసి మిగతా వాళ్లూ మొదలుపెట్టారు. భర్త పోయినామె నోరు తెరవకపోతే పక్కనున్నామె రెండుసార్లు అనేది. కొడుకుల్ని పోగొట్టుకున్న ఒక పెద్దాయన దేవుడి మీద కోపంతో గుడికొచ్చి కూడా గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆయన బదులు దావీదు తాతే అనేవాడు. ఇంట్లో ఒక్కరే చేసుకునే ప్రార్థనని దేవుడు వినడా అంటే, ఎందుకు వినడు, వింటాడు. కానీ నోరు పెగలని రోజున మన బదులు అనేవాళ్లు ఇంట్లో ఎక్కడి నుంచి వస్తారు? చాప మీద పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషి మన నోరు చూడాలి. నేను ఇన్నాళ్లూ ఫోనులో తప్పించుకుంది సరిగ్గా దాన్నే.

అమ్మ బాకీ కోత పండుగ ఆదివారం తీరింది. గుడి నిండా కొత్త ధాన్యం వాసన. తాత ముగించాడు, అందరం అన్నాం, జ్ఞానమ్మ పిన్ని రెండోదానికి నోరు తెరిచింది. ఆలోగానే, సన్నగా, తీరిగ్గా, "ఆమేన్". అలవాటుగా అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. కిటికీలోంచి కాదు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. తాత కళ్లు తెరవకుండానే, "ఇప్పుడు పూర్తయింది, లేవండి," అన్నాడు. ఆ తర్వాత కిటికీ వైపు నుంచి ఏమీ వినపడలేదని పేటలో అందరూ చెప్పేవాళ్లు. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ ఆలస్యంగానే అంది. అందుకని ఏది అమ్మదో, ఏది వాడిదో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను.

ఇదంతా గుర్తొచ్చాక బందరులో కూర్చోలేక మా పేటకి వెళ్లొచ్చాను. చల్లపల్లి దాకా బస్సు ఖాళీ, అక్కడి నుంచి మోపిదేవి మొక్కుల జనంతో కాలు పెట్టడానికి చోటు లేదు. నా పక్కన కూర్చున్నావిడ పూలబుట్ట నా ఒళ్లో పెట్టి, "కాస్త పట్టుకోండమ్మా, పుణ్యముంటుంది," అంది. మోపిదేవి దాకా పట్టుకున్నాను. పేటలో ఇప్పుడు కొత్త గుడి. పలకరాళ్ల నేల, ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద పెద్ద సౌండు బాక్సులు. కుర్చీలు సర్దుతున్న కుర్రాయన మర్యాదగా లేచి నిలబడ్డాడు. బదులు ఆమేన్ ఇంకా అంటున్నారా అని అడిగితే, "అదేం పాటండీ? కీబోర్డు మీద ఉందా?" అన్నాడు. పాత గోడల్లో ఒక్కటి మాత్రం కూల్చకుండా రంగు వేసి కలిపేసుకున్నారు. అది సముద్రం వైపు గోడే. నీలం రంగు కింద నుంచి ఉప్పు గీత పైకి తేలి ఉంది. చెయ్యి పెడితే తడిగా తగిలింది.

ఆ వచ్చే ఆదివారం ఫోను పెట్టుకుని గోడ పక్కనే కూర్చున్నాను. ముసురు లేదు, కిటికీలోంచి మంచి ఎండ. అందరూ అన్నారు. నేను నోరు తెరిచాను, రాలేదు. గోడలోంచి వచ్చింది. ఆగి, మళ్లీ వచ్చింది. లేచి బయటికెళ్లి పక్క ఫ్లాటు ముందు నిలబడ్డాను. తాళం వేసే ఉంది. ఆ తాళాన్ని చూస్తూనే, "ఎవరండీ లోపల?" అన్నాను.

"నేనేనండీ," అంది లోపల్నుంచి ఒక ఆడగొంతు, తలుపుకి దగ్గరగా. "తాళం బయటుంది."

తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాను. మెల్లగా సంగతంతా చెప్పింది. పేరు రత్నకుమారి. రెండు కళ్లూ కనపడవు. కూతురు ఆసుపత్రిలో నర్సు, ఈ మధ్యే ఈ ఫ్లాటులోకి వచ్చారు. తల్లి తడుముకుంటూ బయటికొచ్చి మెట్ల మీద పడుతుందన్న భయంతో కూతురు డ్యూటీకి వెళ్లేటప్పుడు తాళం వేసుకుని వెళ్తుంది.

"ఆదివారం మీ ఫోన్లో ప్రార్థన గోడకి చెవి పెట్టి వింటానండీ. దొంగతనమే. ఏమీ అనుకోకండి. గుడి మొహం చూసి ఎన్నాళ్లయిందో."

"వినండి, దానికేం. కానీ ఆమేన్ రెండుసార్లు అంటారెందుకండీ? ఎవరు నేర్పారు మీకు?"

లోపల గాజుల చప్పుడు తలుపుకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది.

"రెండుసార్లా? నేనొక్కసారేగా అనేది," అంది. "రెండోది మీ ఇంట్లోంచి కదండీ వచ్చేది? పసివాడు. అందరిదీ అయిపోయాక తీరిగ్గా అంటాడు, ముద్దొస్తాడు. మీ మనవడా అండీ?"

ఆ వసారాలో ఎండ పడుతూనే ఉంది, కింద ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు, నా ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆవిడ అటు నుంచి నా ఇంట్లో వాణ్ణి వింటోంది, నేను ఇటు నుంచి ఆవిడ ఇంట్లో వాణ్ణి వింటున్నాను. తాళం వేసిన తలుపు వెనక ఆవిడ ఒక్కతే, తాళం వేయని తలుపు వెనక నేనొక్కదాన్నే. ఒక్కదానివే వినమాకు అన్న తాత మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. మొన్న మధ్యాహ్నం ఫోను మీద వేలు పెట్టుకుని నేను పిలిచింది చిన్నోణ్ణి మాత్రమే కాదు. గుమ్మం పక్కన ఆ చెప్పులు ఎందుకు ఉంచుకున్నానో నాకు తెలుసు. నేనూ పాయలోకి దిగే ఉన్నాను. ఎవరూ చూడలేదు, అంతే. నాకు భయం వేసింది, ఆయన పోయాక మొదటిసారి బతకాలని కూడా అనిపించింది.

సాయంత్రం కూతురు డ్యూటీ దిగి వచ్చేదాకా కాచుకుని, విషయం చెప్పి, వచ్చే ఆదివారం ఆవిణ్ణి చర్చికి తీసుకెళ్తానని తాళంచెవి అడిగాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని, "మీరు తీసుకెళ్తానంటే అంతకంటేనా ఆంటీ," అంది. తర్వాతి ఆదివారం రత్నకుమారి గారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. నా మోకాళ్లు ఆవిడ మీద ఆనుకున్నాయి, ఆవిడ కళ్లు నా మీద. ఎవరు ఎవర్ని దింపారో ఆ ఆటో అబ్బాయినే అడగాలి. చర్చిలో వెనక వరసలో కూర్చున్నాం. ఇంత కాలానికి నన్ను చూసి ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి తలలూపారు. ఒకావిడ వచ్చి భుజం నొక్కి వెళ్లింది. కొత్త పౌడరు వాసన, మల్లెపూల వాసన, పాత పాటల పుస్తకాల వాసన. పాటలప్పుడు రత్నకుమారి గారు అందరికంటే ముందే పదం అందుకున్నారు.

అయ్యగారు ప్రార్థన ముగించారు. అందరూ ఆమేన్ అన్నారు. పక్కన రత్నకుమారి గారు అన్నారు, ఒక్కసారే. నేను ఊపిరి బిగబట్టబోయి, మానుకున్నాను. వినడానికి కాదు కదా వచ్చింది. నోరు తెరిచాను. వచ్చింది. అందరిదీ అయిపోయాక, కాస్త ఆలస్యంగా, నాదని నాకే తెలియనంత సన్నగా వచ్చింది.

రత్నకుమారి గారు నా చెయ్యి తడిమి పట్టుకుని, నవ్వు మొహంతో చెవి దగ్గరికి వంగారు.

"పిల్లాణ్ణి కూడా తీసుకొచ్చారా అండీ?"

"తీసుకొచ్చానండీ," అన్నాను.